ప్రశ్నపత్రంగారి మోకాలు

ఫ్యాను రెక్కల మీద దుమ్ముందని భార్య అంది. లేదని ప్రశ్నపత్రంగారు అన్నారు. లేదని నిరూపించడానికి స్టూలెక్కారు. దుమ్ముందన్న సంగతి పైన తెలిసింది, మోకాలి చిప్ప పగిలిందన్న సంగతి కింద తెలిసింది.

ప్రశ్నపత్రం అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. కొత్తవాళ్ళని ఉద్యోగాల్లోకి తీసుకునే విభాగానికి ఆయన పెద్ద. గుమాస్తా పనికి వచ్చినవాణ్ణి కూడా "నీ జీవితంలో అతిపెద్ద పొరపాటేమిటి?" అని అడిగి, "ఇవాళ ఇక్కడికి రావడమేనండీ" అనిపిస్తే గానీ వదలరు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కట్టు విప్పి డాక్టరు చెప్పాడు. "నా పనైపోయింది. ఇక మోకాలు వంగాలి. మంచి ఫిజియోథెరపిస్టుని చూసుకోండి. ఆలస్యం చేశారో, కాలు కర్రలా బిగుసుకుపోతుంది. అప్పుడు మళ్ళీ మత్తిచ్చి నేనే బలవంతంగా వంచాల్సొస్తుంది."

భార్య మొహంలో నెత్తురుచుక్క లేదు. ప్రశ్నపత్రంగారు మాత్రం చిరునవ్వు నవ్వారు. "మనిషిని ఎంచే పని నాకొదిలేయండి. నేను చేసే ఉద్యోగమే అది."

అసలు సంగతి వేరు. నొప్పంటే ఆయనకి చచ్చేంత భయం. పైగా సోఫా మీది జీవితం ఒంటికి బాగా పట్టింది. గ్లాసు మీద చెంచాతో కొడితే టీ వచ్చేది. ఇంకోసారి కొడితే దిండు సర్దడానికి భార్యే వచ్చేది. ఇంతటి భోగాన్ని చేజేతులా వంచి పాడుచేసుకునేంత తెలివితక్కువవారు కాదాయన. అందుకే ఆయన వెతికింది మంచి ఫిజియోథెరపిస్టు కోసం కాదు, తన జోలికి రాని ఫిజియోథెరపిస్టు కోసం.

ఇంట్లోనే ఇంటర్వ్యూలు పెట్టారు. సోఫా ముందుకి బల్ల లాగించారు. పైన కోటు, కింద పైజమా, దిండు మీద కాలు. అభ్యర్థుల్ని వెతికి పిలిచే బాధ్యత మాత్రం భార్యకి అప్పగించారు. చిల్లర పనులు పెద్దవాళ్ళు చేయరు.

మొదట వచ్చినాయన గుమ్మంలోంచి పక్కకి తిరిగి లోపలికొచ్చాడు. అంత మనిషి.

"మీ బలం ఏమిటి?" అని ప్రశ్నపత్రంగారు మొదలుపెట్టారు.

"చేతులండీ," అని చూపించాడు. అవి చూడగానే ఆయన మోకాలు దిండులోకి దూరిపోయింది.

"మరి మీ బలహీనత?"

"పేషెంటు ఏడుస్తుంటే నాకు వినపడదండీ."

"సంతోషం. తర్వాత కబురు చేస్తాం," అన్నారు ప్రశ్నపత్రంగారు. ఆయన ఆఫీసులో ఈ మాట విన్నవాళ్ళు ఇంకా ఆ కబురు కోసమే ఎదురుచూస్తున్నారు.

ఆయన తర్వాత వచ్చినావిడ పుల్లలా సన్నగా ఉంది. కళ్ళజోడు, మెత్తటి గొంతు.

"మీరు పేషెంటుకి నొప్పి పెడతారా?"

"అబ్బే. అసలు మీ కాలే ముట్టుకోనండీ."

ప్రశ్నపత్రంగారు నిటారుగా కూర్చున్నారు. "ఎక్సర్‌సైజులూ గట్రా రాసిస్తారా?"

"రాసిస్తే ఎవరు చేస్తారండీ? ముందు ఇంట్లోవాళ్ళతో మాట్లాడతాను. మీరు పొద్దున్నించీ ఏం చేస్తారో, ఎక్కడ కూర్చుంటారో, మీకేమిష్టమో తెలుసుకోవాలి కదా."

ఇంతకన్నా ఏం కావాలి? వైద్యమంతా భార్యకీ ఆవిడకీ మధ్య కబుర్లతో గడిచిపోతుంది. తన కాలు దిండు మీద క్షేమంగా ఉంటుంది.

భార్య ఆయన చెవి దగ్గర గొణిగి హెచ్చరించింది. "ఏవండీ, ఈవిడ వద్దు. మరీ మెతక. మొదటొచ్చినాయనే నయం."

"నీకేం తెలుసే మనుషుల సంగతి?" అని ఆవిణ్ణే ఖాయం చేసేశారు.

ఆవిడ చెప్పినట్టే చేసింది. కాలు ముట్టుకోలేదు. మోకాలు ఎంతవరకు వంగుతుందో కళ్ళతోనే చూసి, భార్యతో కలిసి ఇల్లంతా తిరిగి, టీ తాగి వెళ్ళిపోయింది. ప్రశ్నపత్రంగారికి తన ఎంపిక మీద తనకే గౌరవం పెరిగింది.

మర్నాడు పొద్దున గ్లాసు మీద చెంచాతో కొట్టారు. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టారు.

"టీ అక్కడుంది," అని వంటింట్లోంచి జవాబొచ్చింది.

అక్కడంటే గదికి అవతలి మూల, పొట్టి పీట పక్కన. కళ్ళజోడు అలమరలో అట్టడుగు అరలో ఉంది. పేపరు మేడమెట్ల మీద పరిచి ఉంది. మెట్టుకో పేజీ. ఆయన ప్రాణంకన్నా ఎక్కువగా చూసుకునే ఆటల పేజీ అన్నిటికన్నా పైన, మేడగది గుమ్మం దగ్గరుంది.

"ఏమిటిదంతా?"

"వైద్యమండీ. ఆవిడ మీ కాలు ముట్టుకుందా?"

"లేదు."

"నొప్పి పెట్టిందా?"

"లేదనుకో..."

"మరింకేం? ఎంత బాగా ఎంచారండీ!"

టీ చల్లారిపోతోంది. ప్రశ్నపత్రంగారు చేతికర్ర పట్టుకుని, పళ్ళు బిగబట్టి, ఆ పీట మీద సగం కూర్చున్నారు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అవి నిజం నీళ్ళే. వంటింటి తలుపు వెనక భార్య కళ్ళల్లోనూ తిరిగాయి. ఆవిడ వాటిని కొంగుతో తుడుచుకుందే తప్ప బయటికి మాత్రం రాలేదు.

ఆయనేం తక్కువ తిన్నవారు కాదు. చీపురు కర్రతో కళ్ళజోడుని బయటికి లాగబోయారు. కళ్ళజోడుకి బదులు పూలకుండీ వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ సన్నటావిడ లోపలికొచ్చి, "మంచి ఆలోచనేనండీ, కర్రే కాస్త పొడుగెక్కువ," అంది. మర్నాటికి చీపురుంది, కర్ర లేదు.

రోజులు గడిచాయి. పీట ఇంకా పొట్టిదైంది. ఆటల పేజీ మేడగది లోపలికి వెళ్ళిపోయింది. ఇంతమంది భవిష్యత్తు తేల్చిన తనని ఒక పీట ఆడిస్తోందని ప్రశ్నపత్రంగారికి ఒళ్ళు మండిపోయింది. ఓ సాయంత్రం ఆవిడ రాగానే మళ్ళీ కోటేసుకుని కూర్చున్నారు.

"మీ సేవలు ఇక చాలు. నాకు మీ అవసరం లేదు."

"మోకాలు పూర్తిగా వంగుతుందంటారా?" అని ఆవిడ మెల్లగా అడిగింది.

"బ్రహ్మాండంగా."

భార్య అడ్డొచ్చింది. "ఆయన మాటలకేం గానీ, మీరు రోజూ రండమ్మా. ఆ మెట్లు ఆయన వల్ల కావు."

"నా వల్ల కావా?"

చేతికర్ర విసిరేశారు. పీట మీద కూర్చున్నారు, లేచారు. మెట్లెక్కారు, దిగారు. అట్టడుగు అరలోంచి కళ్ళజోడు తీసి, గొంతుక్కూర్చునే పెట్టుకుని, "ఇప్పుడేమంటారు?" అని గర్జించారు.

"మీరన్నదే నిజమండీ. నా అవసరం లేదు," అని ఆవిడ నవ్వి, సంచీ భుజాన వేసుకుంది.

భార్య అప్పటికే ఫోనందుకుంది. "హలో, ఆఫీసేనా? ఆయన సోమవారం వచ్చేస్తున్నారు. ఆ, బ్రహ్మాండంగా ఉన్నారు. ఆయనే అన్నారు."

ఫోను పెట్టేసి భార్య ఆయన పక్కనే నేల మీద కూలబడింది. "పక్కవీధి దర్జీ భార్యకి మోకాలు బాగుచేసింది ఈవిడేనని విని, వెళ్ళి చూసొచ్చాను. దర్జాగా కుట్టుమిషన్ తొక్కుతోంది. ఆ రోజే ఈవిణ్ణి ఖాయం చేసుకున్నాను."

"మరి వద్దన్నావుగా?"

"పెట్టుకోమంటే పెట్టుకునేవారా?" అంది. అనేసి కళ్ళొత్తుకుంది. "కాలు కర్రైపోతుందని డాక్టరన్నప్పుడు నా ప్రాణం పోయిందండీ."

ప్రశ్నపత్రంగారు తలొంచుకున్నారు. ఎన్నడూ లేనిది, అడగడానికి ఆయన దగ్గర ఒక్క ప్రశ్నా లేదు.

"సరే, లేవండి. మేడ మీద బట్టలారాయి, తెచ్చిపెట్టండి."

మారు మాట్లాడకుండా మెట్లెక్కడం మొదలుపెట్టారు. సగం ఎక్కాక, సోమవారానికి ఇంకా రెండు రోజులున్నాయనీ, ఈలోగా కాస్త కుంటితే సోఫా దక్కకపోదనీ తోచింది. అక్కణ్ణించే మూలుగుతూ కుంటడం మొదలుపెట్టారు.

"ఏవండీ," అని కింద నుంచి భార్య కేకేసింది, "ఆ కాలు కాదు, రెండోది."