మామగారి బలం మూడు

ఆ ఉదయం శివప్రసాద్ వేసుకున్న ప్రణాళికలో ఎక్కడా లోపం లేదు. ఏడింటికి దుర్గాపూజ సమితి వాలంటీర్ల కార్డులు ప్రింటుకు పెట్టాలి. ఏడున్నర బస్సెక్కి సుక్మా వెళ్లి, మైకుకు అనుమతి కాగితం పుచ్చుకుని, మధ్యాహ్నం భోజనం వేళకు తిరిగి తమ ఊరు కోంటా వచ్చెయ్యాలి. ఇంత చిన్న పనికి వారం రోజులుగా అతనికి అన్నం సహించకపోవడానికి కారణం సమితి అధ్యక్షుడు భీమశంకరం. ఆయన శివప్రసాద్‌కు పిల్లనిచ్చిన మామ.

భీమశంకరం చింతపండు, ఇప్పపువ్వు కొనే పాతకాపు వ్యాపారి. అల్లుడు బస్టాండు పక్కన చాయిస్ సెంటర్ పెట్టుకుని ఆధార్ ప్రింట్లు, సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంటాడు. అదీ ఒక పనేనని మామగారు ఆరేళ్లుగా ఒప్పుకోలేదు. "పొద్దుందాక డబ్బా ముందల కూసునుడు, అది గూడ కష్టమేనా?" అని నలుగురిలో అనేవాడు. ఈ ఏడు కూతురు శిల్ప పోరు పడలేక మొట్టమొదటిసారి కార్డుల పని అల్లుడి చేతిలో పెట్టాడు. ఇది సవ్యంగా జరిగితే సమితిలో శివప్రసాద్ కూడా ఒక మనిషి. తేడా వస్తే ఇంకో ఆరేళ్లు తల ఎత్తే పని లేదు.

నిజం చెప్పాలంటే మామగారి అనుమానం ఉత్తది కాదు. గిరాకీ లేనప్పుడు శివప్రసాద్ ఆ కంప్యూటర్లో ఒక యుద్ధాల ఆట ఆడుకునేవాడు. చదరంగంలా గళ్ల మీద వంతులవారీగా సాగే ఆట. అందులో యోధుడు, విలుకాడు, దొంగ, వైద్యుడు ఉంటారు. ఆడి ఊరుకోక, దానికి మాడ్‌లు కూడా తయారుచేసేవాడు. అంటే ఆటలోని మనుషుల ముఖాలనూ బలాబలాలనూ తన ఇష్టప్రకారం మార్చుకోవడం. ముఖాల కోసం ఎక్కడికో పోవడమెందుకని, సెంటర్లో పడి ఉన్న సమితి సభ్యుల ఫోటోలకే తలపాగాలు, కవచాలు తొడిగాడు. తన ఒక్కడి ముచ్చట కోసం వాటిని కార్డుల్లాగా అమర్చి, సమితి కార్డుల ఫైలు పక్కనే దాచుకున్నాడు. ఆ ఉదయం బస్సు హారన్ వినబడగానే కంగారులో పక్క ఫైలు మీద నొక్కి, ప్రింటరు కదలడం చూసి, తృప్తిగా పరుగెత్తాడు.

కార్డులు లామినేషన్ చేసి పంచింది శిల్ప. కవచాలు చూసి పండగ అలంకారం అనుకుంది. తండ్రి బట్టతల మీద భుజాల దాకా దిగిన జుట్టు చూసి మురిసిపోయింది. "నాన్నా, మా ఆయన నిన్ను ఎంత మంచిగ తయారు చేసిండో చూడు!"

జుట్టు వరకూ భీమశంకరానికీ నచ్చింది. తర్వాత కింది గీతలు చదివాడు. 'వైద్యం 18. బలం 3. ప్రాణశక్తి 9.'

వారం కిందటే ఆరోగ్య శిబిరంలో సమితి వాళ్లందరూ పరీక్షకు రక్తం ఇచ్చారు. రిపోర్టులు ఇంకా చేతికి రాలేదు. ఆయన కార్డు పట్టుకుని అరుగు మీద మెల్లగా కూర్చున్నాడు.

"బలం మూడంట. ఎంతకురా మూడు?" అని పక్కనున్న వినోద్‌ని అడిగాడు.

"ఇరవైకి గావొచ్చు పెదనాయనా. నాది పద్దెన్మిది ఉన్నది," అన్నాడు వినోద్. అతను హార్డువేర్ దుకాణంవాడు. గాలి గట్టిగా వీస్తే గుమ్మం పట్టుకుని నిలబడే మనిషి.

"వైద్యం పద్దెన్మిది అంటే పద్దెన్మిది దినాలు మందులు మింగాల్నేమో," అని భీమశంకరం లోపలికెళ్లి పడుకున్నాడు. వినోద్ మాత్రం తనలో ఇంత బలం ఉందని ఇన్నాళ్లూ తెలియనందుకు బాధపడుతూ, వాకిట్లో ఉన్న చింతపండు బస్తాను ఒక్కడే ఎత్తబోయాడు. బస్తా కదల్లేదు. వినోద్ నడుము కదిలింది. అతన్ని కూడా తెచ్చి మామగారి పక్క మంచం మీద వేశారు.

ఇంతలో బట్టల కొట్టు అభిషేక్ చెమటలు కక్కుతూ వచ్చాడు. అతని కార్డు మీద 'దొంగ, చాకచక్యం 19' అని ఉంది. అది మెడలో వేసుకునే పొద్దున దుకాణం తెరిచాడు. చదువొచ్చిన గిరాకీలు చదివి, రానివాళ్లకు చెప్పారు. అభిషేక్ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగాడు. "శిల్పక్కా, రక్తం తీస్తే ఇది గూడ తెలుస్తదా?"

శిల్ప జావ కాచింది. ఎవరో భద్రాచలానికి ఫోన్ చేశారు. అక్కడి చుట్టాలు జీపు మాట్లాడుకుని బయల్దేరారు. శిబిరం పెట్టిన నర్సు పార్వతిని సగం భోజనం మీద నుంచి లేపి తీసుకొచ్చారు.

శివప్రసాద్ మైకు కాగితం ఊపుకుంటూ వచ్చేసరికి మామగారి ఇంటి ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. గడపలోనే పార్వతి ఎదురైంది.

"అన్నా, రిపోర్టులు జగదల్‌పూర్ ల్యాబు నుంచి ఇంక రానే లేదు. మరి ఈ లెక్కలు ఎవరు రాసిన్రు?"

శివప్రసాద్ ఆమె చేతిలోని కార్డు చూశాడు. పారిపోదామనే అనిపించింది. కానీ మంచం మీద కళ్లు మూసుకుని ఉన్న మామగారిని చూస్తే జాలేసింది. దగ్గరికెళ్లి, "మామా, మీకేం కాలే. అది రక్తం రిపోర్టు కాదు, ఆట. నేనే రాసిన," అన్నాడు.

బలం మూడు మనిషి ఒక్క ఊపులో లేచి కూర్చున్నాడు. "నువ్వు రాసినవా? మూడా? నాకా?"

"వైద్యుడికి అంతకన్న ఎక్కువిస్తే ఆట పాడైతది మామా."

"మరి అందుల నువ్వు ఏందో?"

"నేను ఉండను. నేను మిమ్మల్ని నడిపిస్త."

వినోద్ నొప్పి కూడా మరిచాడు.

"ఆరేండ్ల సంది నువ్వు చేసే పని ఇదా? నన్ను నడిపిచ్చుడా? వాడు పద్దెన్మిదంట, నేను మూడంట! వైద్యున్ని ఎందుకు జేసినవ్?"

శివప్రసాద్‌కు దాచడం చేతకాలేదు. "మీరు లేకుంటే మిగిలినోళ్లు ఒక్కరు గూడ బతకరు మామా. అందుకే మీకిచ్చిన."

భీమశంకరం మంచం దిగాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "నడువు. చూపియ్యి."

సెంటర్లో కుర్చీ లాక్కుని కూర్చుని తన బొమ్మ యుద్ధానికి వెళ్లడం చూశాడు. రెండో వంతులోనే ఒక రాక్షసుడు దాన్ని గదతో మోదాడు. బొమ్మ పడిపోయింది.

"గిట్లనే సచ్చిపోతనా రోజూ?"

"మూడు నెలల సంది గిదే తిప్పలు మామా. గాయమైనోని పక్క గడికి పోతేగాని మందు పెట్టలేరు. పోతే దెబ్బ పడ్తది. ప్రాణం పెంచితే అసలు చావరు, అప్పుడు ఆట సప్పగైతది."

భీమశంకరం తెర మీదకు వంగాడు. "దోర్నపాల్ సంతల నేనేడ కూసుంట?"

"మధ్యల."

"ఒక దిక్కు కాంటా పట్టేటోడు, ఒక దిక్కు బస్తా కుట్టేటోడు. సుతిలి తాడు గానీ మంచినీళ్లు గానీ, ఎవనికేం గావాలన్నా లేవకుంటనే అందిస్త. నేను లేసి తిరిగిన్ననుకో, దుకాణమే ఆగుతది. ముసలోనికి బలం ఎందుకురా? కదలకుంట కూసుంటే మూడు గళ్ల దాంక చెయ్యి అందనియ్యి. కదిలిండా, అందదు."

శివప్రసాద్ ఆ ఒక్క నియమం రాసి, ఆట మళ్లీ మొదలుపెట్టాడు. వైద్యుడు మధ్యలో కూర్చున్నాడు. యోధుడు దెబ్బతిని వెనక్కి వచ్చి, మందు పుచ్చుకుని మళ్లీ ముందుకు పోయాడు. అయిదో వంతులో గద రాక్షసుడు కూలిపోయాడు. మూడు నెలలుగా కుదరని తూకం కుదిరింది. శివప్రసాద్‌కు ఆనందంతో కళ్లు చెమర్చాయి. మామగారు అది గమనించే స్థితిలో లేరు. మౌసు ఎప్పుడో ఆయన చేతిలోకి పోయింది.

సరైన కార్డులు ఆ సాయంత్రమే పంచారు. భద్రాచలం చుట్టాలు జీపు కిరాయి వృథా కాకుండా పండగకు ఉండిపోయారు. మూడో రోజున కలశస్థాపన. మండపంలో పంతులుగారు అన్నీ సర్దుకుని అధ్యక్షుడి కోసం చూస్తుంటే, శివప్రసాద్ తన సెంటర్‌కు ఫోన్ చేశాడు.

"మామా, ముహూర్తం దగ్గరపడ్డది. జల్దీ రండి."

"పీటల మీద నువ్వే కూసో అల్లుడా," అన్నాడు భీమశంకరం. "నువ్వైతేనే సక్కగ చేస్తవ్. నీ మీద నాకు నమ్మకమున్నది." ఆరేళ్లలో మొదటిసారి ఆ నోట ఆ మాట వచ్చింది. వెనక నుంచి కత్తుల చప్పుడు కూడా వచ్చింది.

శివప్రసాద్ కండువా సర్దుకుని పీటల మీద కూర్చున్నాడు.

"అధ్యక్షులవారు రావడం లేదా?" అని పంతులుగారు అడిగారు.

"వస్తరండి. ఇంకొక్క రాక్షసుడు మిగిలిండు."

పంతులుగారు కళ్లు మూసుకుని భక్తిగా దండం పెట్టారు.