చెమట పట్టని కసరత్తు

లోకంలో ఏ శాఖ కునుకు తీసినా, బాలింత విశ్రాంతి పర్యవేక్షణ శాఖ మాత్రం రెప్ప వాల్చదు. ఆ మూడో అంతస్తు ఇంట్లో ఈ శాఖకు అధ్యక్షురాలు అత్తగారు. ఎవరూ పిలవకపోయినా వచ్చే నిపుణురాలు ఎదురింటావిడ. బాలింత భర్త కూడా సభ్యుడే (ఓటు లేదు, తల ఊపే హక్కు ఉంది).

పర్యవేక్షణలో ఉన్న కోడలు స్కూల్లో డ్రిల్లు టీచరు. ఆమె విజిల్ ఊదితే మైదానం అవతల ఉన్న పిల్లలు కూడా బిగుసుకుపోయేవారు. కాన్పయ్యాక మాత్రం తుమ్మినా, నవ్వినా బట్టలు తడుస్తున్నాయి. సెలవయ్యాక అంతమంది పిల్లల ముందు విజిల్ ఊదితే ఏమవుతుందో తలుచుకుంటేనే ఆమె గుండెల్లో రాయి పడేది.

ఫిజియోథెరపిస్టు ధైర్యం చెప్పింది. "ఇది చాలామందికి వస్తుందమ్మా, తగ్గుతుంది. పడుకుని, మూత్రం ఆపుకుంటున్నట్టు లోపలి కండరాలు బిగించి మెల్లగా వదలండి. ఊపిరి బిగపట్టకండి. పరుగులు, గెంతులు ఇప్పుడే వద్దు. బరువులెత్తడం లేదు కదా?"

"అబ్బే, పూచికపుల్ల కూడా ఎత్తనివ్వం," అన్నాడు పక్కనే ఉన్న భర్త. (తడిబట్టల బకెట్‌తో రోజూ డాబా ఎక్కేది ఆమే. కాని అది ఇంటిపని, శాఖ పరిధిలోకి రాదు.)

ఇంటికొచ్చి చాప పరుచుకుని, మోకాళ్ళు మడిచి వెల్లకిలా పడుకుందో లేదో, శాఖ తనిఖీకి వచ్చింది.

"ఏం చేస్తున్నావమ్మాయ్?" అంది అత్తగారు.

"వ్యాయామం అత్తయ్యా."

ఎదురింటావిడ చాప చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "చెమటేదీ? ఆయాసమేదీ? వ్యాయామమా పాడా, హాయిగా పడుకుంది వదినా!"

శాఖ ఊపిరి పీల్చుకుంది. కోడలు చేస్తున్నది విశ్రాంతేనని తీర్మానించి, ఆ సమయంలో పాపను భర్త ఎత్తుకోవాలనీ, వ్యాయామం మాత్రం ఏ రూపంలోనూ కూడదనీ ఉత్తర్వు వెలువరించింది.

నిబంధనలంటే డ్రిల్లు టీచరుకి కొట్టిన పిండి. మర్నాడు తడిబట్టల బకెట్ పట్టుకుని నిలబడి, నంగనాచిలా అంది. "అత్తయ్యా, బకెట్ మొయ్యడం కూడా వ్యాయామమేనట."

"అమ్మో! దింపు, ముందు దింపు! ఒరేయ్, నువ్వు పట్టుకెళ్ళరా!"

భర్త తన హక్కును వినియోగించుకుని తల ఊపి, బకెట్ ఎత్తాడు. డాబా మీంచి దిగేసరికి అతనికి చెమటా ఆయాసమూ రెండూ వచ్చాయి. అది వ్యాయామమేనని ఎదురింటావిడ అక్కడికక్కడే ధ్రువీకరించింది.

అలా వారాలు గడిచాయి. స్కూలుకు వెళ్ళే ముందురోజు కోడలు బీరువాలోంచి విజిల్ తీసి, హాలు మధ్య నిలబడి, గుండె నిండా గాలి పీల్చి ఊదింది. కిటికీ అద్దాలు అదిరాయి. ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక పాప నోరు తెరిచింది. కోడలు ఒక్క క్షణం భయంగా ఆగింది. ఒక్క చుక్క లేదు! పట్టలేని సంతోషంతో పగలబడి నవ్వింది. నవ్వినా ఏమీ కాలేదు.

అత్తగారు చెవుల మీంచి చేతులు తీసి, ఎదురింటావిడ వైపు గర్వంగా తిరిగింది.

"చూశావా వదినా, కదలకుండా పడుకోబట్టి ఎంత బాగా కోలుకుందో! అదే వ్యాయామం చేసుంటే ఏమైపోయేదో!"