కొట్టం నుంచి శాసనసభకు వచ్చిన వైబీ గారు

శాసనసభకు పోటీ చేసే ప్రతి మనిషీ ముందు పదేళ్లు పశువుల్ని మేపి ఉండాలని ఒక్క చట్టం చేస్తే చాలు, సగం దేశాలు బాగుపడతాయి. నవ్వకండి. లాయర్లను పంపి చూశాం. డాక్టర్లను పంపి చూశాం. వాళ్లకు చదువుంది, కాదనం. మందను తోలడం వచ్చా?

నమ్మకం కుదరకపోతే వుడ్‌ల్యాండ్స్‌లో ఉంటున్న యర్రయ్యను అడగండి. ఆయన జవాబు చెప్పడు. ముప్పై అయిదేళ్లు ఓడరేవులో క్రేన్ నడిపాడు. అంత ఎత్తున కూర్చున్నవాడికి మాట్లాడటానికి పక్కన ఎవరుంటారు? ఆ అలవాటే మిగిలింది. కాబట్టి ఆయన బావమరిది పరశురాముడి గొప్పతనం మనమే చెప్పుకోవాలి.

పరశురాముడికి కాజ్‌వే వంతెన అవతల, పక్క దేశపు జొహోర్ రాష్ట్రంలో, కులాయ్ దగ్గర అరవై ఆవులున్నాయి. అయిదేళ్ల కిందట రాష్ట్ర శాసనసభకు నిలబడి గెలిచాడు. అక్కడ శాసనసభ్యుణ్ణి వైబీ అంటారు. మర్నాటి నుంచి ఆవులు తప్ప అందరూ ఆయన్ని వైబీ అనే పిలుస్తున్నారు.

ఆయన పనితనం చూడండి. సభలో ఎందరున్నారో గుమ్మంలో నిలబడే చెప్పేస్తాడు. ఇద్దరు బాత్‌రూమ్‌కి వెళ్లినా పట్టేస్తాడు. కరచాలనం చేయడు, వీపు మీద రెండుసార్లు తడతాడు. తట్టించుకున్నవాడు తెలియకుండానే ఒకడుగు ముందుకు వేస్తాడు. ఏ కాలేజీలో నేర్పుతారండీ ఇది?

అందరితోనూ మాట్లాడి నోరు నొప్పి పెట్టుకోడు కూడా. మందలో మెడకు గంట కట్టిన ఆవు ఒకటుంటుంది. దాన్ని తిప్పితే మిగతావి తిరుగుతాయి. ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘంలో ఆ గంట గురునాథం మెడలో ఉంది. వైబీ గారు ఆయన ఒక్కడికే ఫోన్ చేస్తారు.

ఇక అసలు విద్యకు వద్దాం.

యర్రయ్య పుట్టింది జొహోర్‌లో, ఓటూ అక్కడే. పని మానేశాక ఉండాలని బావమరిది బీడు పక్కనే మూడు గదుల ఇల్లు కట్టుకున్నాడు. తలుపులున్నాయి. కరెంటుంది. నీళ్లు లేవు. నీటి లైను మెయిన్‌రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. నీళ్లొస్తే యర్రయ్యా, భార్య కుమారమ్మా వెళ్లి అక్కడ కాపురం పెడతారు. రాకపోతే కూతురి ఫ్లాటే గతి. కుమారమ్మ మనవరాలి గదిలో, యర్రయ్య హాల్లో సోఫా మీద. ఆయనకు డెబ్భై నాలుగేళ్లు. ఇంట్లో టీవీ చూసేవాళ్లందరూ లేచాకే ఆయన నడుము వాల్చాలి.

కిందటి ఎన్నికలకు వారం ముందు ఆ ఇంటి ముందు నీలం పైపులు దిగాయి. కుమారమ్మ వెళ్లి వాటికి పసుపు, కుంకుమ పెట్టి వచ్చింది. ఫలితాలు వచ్చిన మూడో రోజున లారీ వచ్చి వాటిని ఎక్కించుకుని పోయింది.

మోసం అంటారా? పాడి తెలియనివాళ్ల మాట అది. పాలు పితికేవాడు ముందు దూడను వదులుతాడు. దూడ రెండు గుక్కలు తాగేసరికి ఆవు చేపుతుంది, పాలు దిగుతాయి. వెంటనే దూడను లాగి గుంజకు కడతాడు. ఆవుకు కోపం వస్తుందా? రాదు. ఎదురుగా కట్టేసిన దూడను నాకుతూ నిలబడుతుంది. యర్రయ్య కూడా అయిదేళ్లుగా అలాగే నిలబడి ఉన్నాడు.

ఎన్నికలు మళ్లీ వచ్చాయి. పోయిన ఆదివారం వైబీ గారు వుడ్‌ల్యాండ్స్‌కు వేంచేశారు. ప్రచారానికి కాదు సుమా, పరాయి దేశంలో అది కుదరదు. అక్కను చూసుకోవడానికి వచ్చారు. సరిగ్గా అదే పూటకు, జొహోర్‌లో ఓటున్న మరో ముప్పై ఏడుగురికి కూడా కుమారమ్మను చూడాలనిపించింది. హాలంతా మనుషులే. తాతకు చోటు దక్కదేమోనని మనవరాలు శాంతిని సోఫా చివర టిష్యూ ప్యాకెట్ పెట్టి ఆ చోటు చోప్ చేసింది. తన సొంత పడక మీద యర్రయ్యకు అలా ఓ మూల దొరికింది.

"శనివారం రెండు బస్సులు పెడుతున్నా అక్కా," అన్నారు వైబీ గారు. "ఓటేసి, కడుపునిండా మకాన్ చేసి, సాయంత్రానికి తిరిగొచ్చేయచ్చు."

"ఓటు సంగతి తర్వాత. పైపులేవిరా?" అంది కుమారమ్మ.

"దిగాయక్కా. నిన్ననే దింపించా. ఇదిగో, ఫొటో చూడు."

"అప్పుడూ దిగాయి. దిగినవి మళ్లీ ఎక్కి ఎక్కడికి పోయాయో చెప్పు."

"అది డిపార్ట్‌మెంట్ గొడవ. పైకి రాశాను కదా."

"పైకి రాయడమేంట్రా? పైపు కింద నుంచి కదా వచ్చేది."

గురునాథం గొంతు సవరించుకున్నాడు. "వైబీని పట్టుకుని అలా అంటారేంటి ఆంటీ?"

"నీకు వైబీ. వీడికి చెడ్డీ తొడిగింది నేను. నువ్వు టీ తాగు."

ఈలోగా శాంతిని ఫోన్ లాక్కుని ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసింది. "పరశు తాతా, వెనకాల ఇది మీ కౌషెడ్ ఆ? లోపల కొళాయి ఉంది. సేమ్ బ్లూ పైప్, లా. వాటర్ కూడా వస్తోంది."

టీ గ్లాసులు పట్టుకున్నవాళ్లంతా ఫోన్ మీదికి వంగారు. ఇలాంటప్పుడే లాయరైతే గుటకలు మింగేవాడు, డాక్టరైతే వాచీ చూసుకునేవాడు. వైబీ గారు తొణకలేదు.

"మూగజీవాలమ్మా," అన్నారు మెత్తగా. "పాపం, అవి నోరు తెరిచి అడగలేవు కదా."

యర్రయ్య సోఫా మూల నుంచి లేచాడు. ముప్పై ఏడుగురూ అటు తిరిగారు. ఆయన గొంతు ఎలా ఉంటుందో అందులో సగం మందికి తెలియదు.

"బామ్మర్దీ," అన్నాడు. "నన్నూ మీ అక్కనూ ఆ కొట్టంలో కట్టేయ్."

కుమారమ్మ నవ్వలేదు. గురునాథం ఒక్కడే నవ్వబోయి, పక్కన ఎవరూ నవ్వకపోవడంతో ఆగిపోయాడు.

వైబీ గారు చాలాసేపు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. కళ్లు సగం మూసి, కొట్టంలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కొక్క గుంజనూ మనసులోనే చూసుకుంటూ వచ్చారు.

"ఖాళీ లేదు బావా. పోయిన నెలే ఆరు కొత్తవి వచ్చాయి."

అయిదేళ్లలో ఒక ఓటరు అడిగినదానికి ఆయన సూటిగా ఇచ్చిన జవాబు అదొక్కటే.