చీమ డాక్టరు కట్టిన వంతెన

తెల్లవారగానే పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పేషెంట్లు రాకముందే క్లినిక్కి వెళ్ళాలి, గది తలుపు వేసుకోవాలి, ఎవరి కంటా పడకుండా ఒక వంతెన దాటాలి, ఆపైన తెల్లకోటు తొడుక్కుని ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి. అంతే. ఆ వారం మొత్తమ్మీద ఆయనకి భయం వెయ్యని పని ఇదొక్కటే. సరిగ్గా ఇదే బెడిసికొట్టింది.

ఆయన్ని వీధిలో అందరూ చీమ డాక్టరంటారు. కుర్చీలో కూర్చుని వణికే ప్రతివాళ్ళతోనూ "ఏమీ భయం లేదు, చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అనడం ఆయనకి అలవాటు. ఆ మాట వినీ వినీ, ఈయనకి అసలు భయమంటే ఏమిటో తెలియదని వీధంతా నమ్మేసింది. భార్య కూడా నమ్మింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆవిడది పోస్టాఫీసు కౌంటర్లో ఉద్యోగం. "నా చేతుల మీదుగా ఎవరెవరి ఉత్తరాలో ఎక్కడెక్కడికో పోతున్నాయి. నేను మాత్రం ఆ కిటికీ వెనకే ఉండిపోయాను" అని ఏళ్ళ తరబడి అంటోంది. ఈసారి పట్టుబట్టి కొండల్లో నడక ఖాయం చేయించింది. పొద్దున్న ఒక గెస్ట్‌హౌస్‌లో బయల్దేరి, చీకటి పడేలోగా కొండ అవతల ఇంకో గెస్ట్‌హౌస్ చేరాలి. తెల్లారితే మళ్ళీ నడకే. దారిలో ఊళ్ళుండవు, బండ్లు తిరగవు, ఫోన్లు పలకవు. నిరుడు ఆ దారి తొక్కి వచ్చిన ఆవిడ తమ్ముడు ఒక ఫొటో చూపించాడు. రెండు కొండల నడుమ తాళ్ళ వంతెన, అడుగున ఎక్కడో దారప్పోగులా ఒక ఏరు.

"ఇది దాటితేనే మూడో గెస్ట్‌హౌస్, బావగారూ. గాలికి కొంచెం ఊగుతుందంతే."

డాక్టరు గుండె జారి కాళ్ళలోకి వచ్చింది. అయినా నోరు ఊరుకుంటుందా. "ఓస్, ఇంతేనా. చీమ కుట్టినట్టుంటుంది," అన్నాడు. భార్య ఆయన వంక ఎంత మురిపెంగా చూసిందంటే, ఆ మాట వెనక్కి తీసుకునే దారి అప్పుడే మూసుకుపోయింది. "మీరు పక్కనుంటే నాకేం భయమండీ," అంది.

ఆనాటి నుంచి ఆయనకి కంటిమీద కునుకు లేదు. కళ్ళు మూస్తే వంతెన కనిపించేది, తెరిస్తే మంచం ఊగేది. వెళ్ళనంటే భార్య ముందు తలెత్తుకోలేడు, వెళితే ప్రాణాలతో వస్తానన్న నమ్మకం లేదు. ఈ కంగారులో, భార్య కొన్నాళ్ళుగా ఒక దవడతోనే నములుతోందనీ, చల్లటి నీళ్ళు ముట్టడం లేదనీ ఆయన చూడనేలేదు. పళ్ళ డాక్టరు ఇంట్లో అది ఎవరి కంటా పడకపోవడం విచిత్రమే.

వచ్చే వారమే ప్రయాణం. క్లినిక్కి రంగులు వేసినవాళ్ళు వదిలేసి వెళ్ళిన పొడుగాటి చెక్క ఒకటి మూలన పడి ఉంది. దాని ఒక కొసని బల్ల మీదా, రెండో కొసని పేషెంట్లు కూర్చునే కుర్చీ మీదా ఆనించాడు. వంతెన తయారైంది. ఇక బావమరిది చెప్పిన జాగ్రత్తలు. కొత్త బూట్లు తొడిగాడు. ఒక్కోసారి తెల్లవారకముందే నడవాల్సి వస్తుందన్నాడు కనక కిటికీలు మూసి, దీపాలు ఆర్పి, నుదుటికి టార్చి కట్టుకున్నాడు. ఈదురుగాలి ఉంటుందన్నాడు కనక ఫ్యాను ఆఖరి నంబరుకి తిప్పాడు. వీపున మోసే సంచిలో బరువుకి ఏం పెట్టాలో తోచక, అల్మారాలో పేరుకుపోయిన ప్లాస్టరు పళ్ళ అచ్చులన్నీ అందులో కుక్కాడు. వీధిలో సగంమంది దవడలు ఆయన వీపెక్కాయి.

బయట నర్సుకి ముందే ఒక మాట చెప్పి ఉంచాడు. "నేను పిలిచేదాకా తలుపు తియ్యకు. ఏం వినపడినా సరే."

చెక్క నేలకి మోకాలెత్తులో ఉంది. పైకెక్కి నిలబడ్డాక మాత్రం ఆ నేల ఎక్కడో పాతాళంలో ఉన్నట్టనిపించింది. మొదటి అడుగుకే చెక్క కిర్రుమంది. ఆయన మూలిగాడు. తనకి తానే ధైర్యం చెప్పుకుందామని, "ఏమీ భయం లేదు, చీమ కుట్టినట్టుంటుంది," అని పైకే అన్నాడు. ఇంకో అడుగు వేసి, "చచ్చాన్రా దేవుడా, నావల్ల కాదు, వదిలెయ్," అని సన్నగా ఏడుపుగొంతుతో మూలిగాడు. మళ్ళీ డాక్టరు గొంతు తెచ్చుకుని, "అయిపోయింది, అయిపోయింది, కదలకు," అన్నాడు.

అప్పటికే బయట బెంచీ మీదికి ఇద్దరు చేరారని ఆయనకి తెలియదు. ఒకరు రిటైరైన స్టేషను మాస్టారు. పన్ను పీకించుకుందామని రావడం, కుర్చీ చూసి "రేపొస్తాను" అని వెళ్ళిపోవడం ఆయనకి ఎప్పట్నుంచో మామూలే. రెండో మనిషి ఎదురు కొట్టు టైలరమ్మ.

"లోపలెవరమ్మా?" తలుపు అవతల మాస్టారి గొంతు వినిపించింది.

"ఎవరూ లేరండీ. డాక్టరుగారొక్కరే," అంది నర్సు.

"ఒక్కరే అయితే ఆ ఏడ్చేదెవరు? డాక్టరుగారి గొంతు వేరే వినపడుతూనే ఉందిగా, చీమ చీమ అంటూ."

"నాకు తెలీదండీ. ఏం వినపడినా తలుపు తియ్యొద్దన్నారు."

నర్సు ఉన్నమాటే చెప్పింది. కానీ ఆ మాట విన్నాక ఇద్దరూ బెంచీ మీంచి లేచి తలుపు దగ్గరికి వచ్చారు.

లోపల డాక్టరు కొయ్యబారిపోయాడు. తలుపు తీసి "ఏడ్చింది నేనేనండీ" అంటే గొడవ వదిలిపోతుంది. కానీ ఆ మాట మాస్టారి చెవిన పడితే మధ్యాహ్నానికి వీధికీ, సాయంత్రానికి భార్యకీ తెలిసిపోతుంది. అందుకని చప్పుడు చెయ్యకుండా కుర్చీ మీదికి అడుగుపెట్టి, అట్నుంచి దిగిపోదామనుకున్నాడు. కుర్చీ మీద కాలు పెట్టి ఒళ్ళు తిప్పేసరికి సంచి మూతి ఊడిపోయింది. అచ్చులన్నీ గలగలా నేలమీద పడ్డాయి. ఒకటి తలుపు దగ్గర పగిలి, అందులోంచి ఒక ప్లాస్టరు పన్ను తలుపు సందులోంచి బయటికి దొర్లిపోయింది.

"మాస్టారూ," అంది టైలరమ్మ గొంతు. "మీ కాలి దగ్గర పన్ను."

"ఒకటేమిటమ్మా. ఆ చప్పుడు వినలేదూ. నోరంతా ఊడ్చేశాడు."

"నేను పోస్టాఫీసుకి వెళ్ళి వాళ్ళావిడతో చెప్పొస్తాను. ఆవిడ మాటైతే వింటాడు."

"వద్దు" అని అరవబోయాడు డాక్టరు. అరుపు రాలేదు. ఎందుకంటే దొర్లుతూ వెళ్ళిన ఇంకో దవడ, కుర్చీని పైకి లేపే కాలిమీట మీద పడి అక్కడే ఇరుక్కుంది. కుర్చీ గుయ్యిమంటూ లేవసాగింది. చెక్క జారి ధబ్బున కింద పడింది. "పడిపోయాడు పాపం," అన్నారు బయట మాస్టారు. కుర్చీ ఎంత ఎత్తు లేవగలదో అంతా లేచి ఆగింది. పైన ఆఖరి నంబరు మీద తిరుగుతున్న ఫ్యాను. తలెత్తితే తల ఉండదు. కింద టార్చి వెలుగులో పళ్ళికిలిస్తున్న దవడలు. డాక్టరు కుర్చీ మీద గొంతుక్కూర్చుని, కుర్చీకి బిగించిన దీపస్తంభాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు. ఇప్పుడు మూలుగు ఆపుదామన్నా ఆగడం లేదు.

అలా ఎంతసేపు గడిచిందో గానీ, బయట గుంపు చేరిన సందడి తెలిసింది. పోలీసుల్ని పిలవాలని ఒకరు, ముందు రోగిని బయటికి లాగాలని ఇంకొకరు. అంతలో భార్య గొంతు వినిపించింది.

"తాళంచెవి ఇలా ఇవ్వమ్మా."

"తియ్యొద్దన్నారండీ."

"నేను తీస్తున్నాను. నువ్వు కాదు."

తలుపు తెరుచుకుంది. ముందు భార్య, వెనక ఆవిడ తమ్ముడు, ఆ వెనక మాస్టారూ, నర్సూ, టైలరమ్మా, పేరు తెలియని ఇంకో నలుగురూ. రోగి కోసం గదంతా వెతికి, చివరికి అందరూ తలలు పైకెత్తారు.

"బావగారూ, మీరు అక్కడేం చేస్తున్నారు?" అన్నాడు బావమరిది.

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. "వంతెన దాటుతున్నానురా," అన్నాడు డాక్టరు. తర్వాత భార్య వైపు చూసి, "నాకు భయమేస్తోందే. ఇక్కడా భయమే, అక్కడా భయమే. ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు," అన్నాడు. అలా అన్నందుకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది.

భార్య నోరు తెరుచుకుని అలాగే చూస్తోంది. డాక్టరు తల వంచగానే నుదుటి టార్చి వెలుగు నేరుగా ఆవిడ నోట్లో పడింది. ఆయన కళ్ళు చిట్లించాడు. మూలుగు టక్కున ఆగిపోయింది.

"నోరు మూయకు. ఇటు తిరుగు. కింద కుడివైపు చివరిది. ఎన్నాళ్ళైంది?"

ఆవిడ చటుక్కున నోరు మూసుకుంది. "ఏమీ లేదండీ."

"పన్ను సగం పుచ్చిపోయింది, చిగురు వాచింది. ఆ కొండల్లో ఇది సలిపితే ఎవరున్నారు నీకు? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఈ కుర్చీలో కూర్చోమంటారు."

"కూర్చుంటే ఏం?"

"భయం," అంది ఆవిడ. "చీమ కుట్టినట్టుంటుందని మీరంటుంటే ఇంకా భయం. తీరా చూస్తే అది చీమ కాదని అందరికీ తెలుసు."

"నా సంగతీ అంతేనమ్మా," అన్నారు స్టేషను మాస్టారు వెనకనించి.

బావమరిది ఫ్యాను కట్టేసి, దీపాలు వేసి, మీట మీది దవడ తీసి, కుర్చీని కిందికి దించాడు. డాక్టరు దిగాడు. భార్య ఎక్కి కూర్చుంది. అందర్నీ బయటికి పొమ్మంటే గుమ్మందాకా వెళ్ళి అక్కడే నిలబడ్డారు. డాక్టరు చేతులు కడుక్కుని, కోటు తొడుక్కుని, సూదిలోకి మందు ఎక్కించాడు. అలవాటుగా "చీ" దాకా వచ్చి ఆగిపోయాడు.

"నొప్పిగానే ఉంటుంది," అన్నాడు. "సూది గుచ్చేటప్పుడు బాగానే తెలుస్తుంది. ఆ తర్వాత లాగినట్టు ఉంటుంది గానీ నొప్పి ఉండదు. ఆపమంటే చెయ్యెత్తు, ఆపేస్తాను."

ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని సరేనన్నట్టు తలూపింది.

పని అయ్యాక, నోట్లో దూదితోనే ఆవిడ అడిగింది. "వచ్చే వారానికి మానుతుందాండీ? వెళ్ళొచ్చా?"

"మానదు" అంటే చాలు. డాక్టరు మాటకి ఎదురు చెప్పేవాళ్ళు లేరు. కొండలు, తాళ్ళు, ఆ అడుగున దారప్పోగు ఏరు, అన్నీ ఆ ఒక్క మాటతో పోతాయి. ఆయన నాలుక చివరిదాకా వచ్చింది కూడా. భార్య ఆయన వంకే చూస్తోంది. ఆనాటి మురిపెం ఆ చూపులో లేదు. భయపడ్డ మనిషి ఇంకో భయపడ్డ మనిషిని నమ్ముకుని చూస్తున్నట్టుంది.

"మానుతుంది," అన్నాడు డాక్టరు. "వెళ్ళొచ్చు. వంతెన మీద మాత్రం నా చెయ్యి వదలకు."

"మీరూ వదలకండి," అంది ఆవిడ.

గుమ్మంలో స్టేషను మాస్టారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "ఈ మనిషి ఇవాళ నిజం చెప్తున్నాడు. రేపు చెప్తాడో లేదో," అంటూ నర్సుని పక్కకి తప్పించి, మొట్టమొదటిసారి ఆ కుర్చీ దాకా వచ్చి కూర్చున్నారు.

ఆ పూట పళ్ళు రెండూ తేలిగ్గానే ఊడాయి. కొండల్లో వంతెన మాత్రం ఉన్నచోటే ఉంది.