రోడ్డుకి అవతల నడక

ఆ పొద్దున డ్రిల్లు మాస్టారి పథకం చాలా చిన్నది. వియ్యపురాలిని రోడ్డు దాటించి, ఎదురుగా ఉన్న పార్కులో నాలుగు చుట్లు తిప్పి, ఎండెక్కకముందే ఇంటికి చేర్చాలి. అంతే.

ఒంట్లో చక్కెర తగ్గాలంటే వీధిలో చక్కర్లు కొట్టాలని డాక్టరు మాస్టారికి చెప్పి చాలాకాలమైంది. కదలకపోతే మోకాలు బిగుసుకుపోతుందని వియ్యపురాలికీ చెప్పాడు. చెప్పడానికేం, నోరు నడిస్తే చాలు, నడవడానికి చోటుండొద్దూ? వాళ్ళ వీధిలో కాలిబాట లేకపోలేదు. బైకులవాళ్ళు దాన్ని ఖాళీబాట అనుకున్నారు. మిగిలిన ముక్కలో మురుగుకాలవకి మూత లేదు. మూతున్న చోట కుక్కలు పడుకుని ఉంటాయి. అందుకని ఇద్దరూ రోజూ మేడమీద నీళ్ళట్యాంకు చుట్టూ తిరిగేవారు. గానుగెద్దుకి తిరిగినందుకు నూనైనా కనిపిస్తుంది. వీళ్ళకి ఎటు తిరిగినా ట్యాంకే.

"నాన్నా, ఈ ఒక్కసారికే పంపిస్తున్నా" అంది కూతురు, గుమ్మానికి అడ్డంగా నిలబడి. "అత్తయ్యకి చిన్న గీత పడిందో, రేపట్నుంచి ఇద్దరికీ మళ్ళీ ట్యాంకే!"

"బళ్ళో వందలమందిని నడిపించినవాణ్ణే, ఒక్క మనిషిని దాటించలేనా?"

"వాళ్ళంతా నీకు భయపడేవాళ్ళు. అత్తయ్య భయపడదుగా."

"నాకెందుకే భయం? అన్నయ్యగారు ఈల వేస్తే బస్సులే ఆగుతాయట!" అంది వియ్యపురాలు బూట్ల తాడు బిగిస్తూ.

ఈల సంగతి నిజమే. మాస్టారు ఉద్యోగం వదిలారు గానీ, ఈల ఆయన మెడ వదల్లేదు. పొడుగు ఈల వేస్తే నడవాలి. రెండు పొట్టి ఈలలు వేస్తే ఎక్కడివాళ్ళక్కడ ఆగి, పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోవాలి. వారంపాటు మేడమీద వియ్యపురాలికీ, కింద కొట్టు నడిపే ముసలి టైలరుకీ ఈ పాఠం నూరిపోశారు. అది ఎంతగా ఒంటబట్టిందంటే, పక్కింటి కుక్కరు రెండు కూతలు కూసినా టైలరు ఠక్కున ఆగి గాలిలో చెయ్యి వెతుక్కునేవాడు.

టైలరూ తోడు రాగా ముగ్గురూ రోడ్డు దగ్గరికి చేరారు. మనుషులు దాటడానికి వెలిగే పచ్చబొమ్మ కన్నుకొట్టినంతసేపే ఉంటుంది. ఎవరో కుర్రకాళ్ళకి కొలిచి పెట్టిన పచ్చ అది. బొమ్మ వెలగ్గానే మాస్టారు పొడుగు ఈల వేశారు. దళం కదిలింది. సగం రోడ్డు దాటింది.

సరిగ్గా అప్పుడే, మూలనున్న ట్రాఫిక్ కానిస్టేబులు, వెనకనుంచి పెద్ద అధికారి కారు వస్తోందని, అడ్డొచ్చిన లారీని ఆపడానికి రెండు పొట్టి ఈలలు వేశాడు.

దళం ఆగిపోయింది. నడిరోడ్డు మీద, చెయ్యీ చెయ్యీ పట్టుకుని.

పచ్చబొమ్మ ఆరిపోయింది. మాస్టారు వెంటనే పొడుగు ఈల వేశారు. దళం అడుగు వేసేలోగా, వెళ్ళమన్నది పోలీసే అనుకుని బండ్లన్నీ ఒక్కసారిగా దూకాయి. ఒక స్కూటరు వియ్యపురాలి చీరకొంగుని రాసుకుంటూ పోయింది. మాస్టారు హడలిపోయి రెండు పొట్టి ఈలలు వేశారు. బండ్లు ఆగాయి. దళమూ ఆగింది. మళ్ళీ పొడుగు వేస్తే దళంతోపాటు బండ్లూ కదిలాయి. పొట్టివి వేస్తే అందరూ ఆగారు. ఇంత క్రమశిక్షణ ఆయన ఏ బళ్ళోనూ చూడలేదు.

"ఈల వదిలెయ్యండి, నడవండి!" అని అరిచారు. హారన్ల మోతలో ఆయన గొంతు ఆయనకే వినపడలేదు. ఇక లాభం లేదని వియ్యపురాలి చెయ్యి పట్టి లాగారు.

"ఇందాక రెండు వేశారుగా! నేను కదలను!"

"అమ్మా, మొదట వేసింది నేను కాదు..."

"ఎవరేస్తేనేం? రెండంటే రెండే! మీరు పెట్టిన రూలే!"

పంతంలో ఎక్కువసేపు నిలబడేసరికి ఆవిడ మోకాలు పట్టేసింది. "అన్నయ్యగారూ, కాలు..." అంటూనే రోడ్డు మీద కూలబడిపోయింది. చెయ్యి వదలకూడదని రూలు కాబట్టి టైలరూ కూర్చున్నాడు. గీత పడితేనే ట్యాంకు అంది కూతురు, మరి మనిషే పడితే?

అవతల కాలిబాట మీద చాలాసేపటిగా దాటలేక నిలబడ్డ నలుగురైదుగురు పెద్దవాళ్ళు ఈ కూర్చోడం చూశారు. బండ్లెలాగూ ఆగాయని వచ్చి పక్కన కూర్చున్నారు.

"దేనికండీ ధర్నా?" అడిగిందొకావిడ.

"తెలీదమ్మా, మా మాస్టారు ఈల వేశారు" అన్నాడు టైలరు.

"అయితే ఏదో పెద్దదే అయ్యుంటుంది" అని ఆవిడ కాళ్ళు చాపుకుంది.

కానిస్టేబులు పరిగెత్తుకొచ్చాడు. "ఎవరయ్యా ఈల కొట్టింది? ఈ రోడ్డు మీద ఈల నాది! పెద్దాయన కారు వెనక ఇరుక్కుంది, నా ఉద్యోగం ఊడుతుంది! లేస్తారా, స్టేషనుకి తీసుకెళ్ళమంటారా?"

స్టేషనన్న మాటకి మాస్టారు ఈలని చొక్కాలోకి తోసేశారు. స్టేషనులో వియ్యపురాలు! కూతురి మొహం ఎలా చూడాలి? ఇంతలో కారు తలుపు తెరుచుకుంది. పెద్ద అధికారి దిగి, నేరుగా వాళ్ళ దగ్గరికి నడిచి వచ్చాడు. హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఏమిటమ్మా మీ డిమాండు?"

"ఎవరైనా చెయ్యిస్తే లేస్తాను బాబూ. అదే డిమాండు."

"అసలెక్కడికి బయల్దేరారు?"

"పార్కులో నడవడానికి. నడక నడిరోడ్డు దాకా వచ్చి ఆగింది."

అధికారి పార్కు వైపు చూశాడు. ఆయన వెళ్తున్నది ఆ పార్కుకే. అక్కడ పెద్దల కోసం వేసిన కొత్త నడకదారిని ప్రారంభించాలి. పెద్దవాళ్ళు ఒక్కరూ రాలేదని పొద్దుట్నుంచి అక్కడివాళ్ళు ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

ఆయన స్వయంగా వియ్యపురాలికి చెయ్యందించాడు. బండ్లన్నీ ఆపించి దళాన్ని దాటించాడు. రిబ్బను ఆవిడ చేతే కోయించాడు. "ఈ పెద్దలు ఇకమీదట ప్రాణాలకు తెగించి ఆ రోడ్డు దాటాల్సిన అవసరం ఉండదు. ఇప్పుడే, ఇక్కడే ఆదేశిస్తున్నాను!" అన్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మాస్టారే.

చుట్లు ముగించి బయటికొచ్చేసరికి, వాళ్ళు దాటిన చోట ఈ చివర్నుంచి ఆ చివరికి ఇనుప కమ్మీలు బిగించేశారు.

"మీకోసమే మాస్టారూ!" అన్నాడు కానిస్టేబులు నవ్వుతూ. "అటు తిన్నగా పోతే వంతెన కింద దారుంది."

"ఎంత దూరం?"

"దూరమే."

ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. గేటు దగ్గర కాచుకున్న కూతురు అత్తగారిని కాలి బొటనవేలి నుంచి జడ కొస దాకా తడిమి చూసింది.

"గీతలేం లేవు. రోడ్డు ఎలా దాటారు?"

"దాటే వీల్లేదే పిల్లా, మూసేశారు. చుట్టూ తిరిగి రావాల్సిందే" అంది అత్తగారు ఆయాసపడుతూ.

కూతురి మొహం విప్పారింది. "అయితే భయమేముంది? రోజూ వెళ్ళండి!"

మూణ్ణెల్లు తిరిగేసరికి మాస్టారి చక్కెర తగ్గింది, వియ్యపురాలి మోకాలు మాట వింది. ఇదంతా కొత్త నడకదారి మహిమేనని అధికారి ప్రతి సభలోనూ చెబుతున్నాడు. మాస్టారి దళం మాత్రం రోజూ వంతెన కిందనుంచి చుట్టు తిరిగి అక్కడిదాకా వెళ్ళి, అలిసిపోయి ఆ నడకదారి పక్కన బెంచీ మీద కూర్చుని వస్తోంది.