వసారాలో సేఫ్టీ డ్రిల్లు

ఆ వేసవి పొద్దున్న నర్సీపట్నంలో సుందరరామయ్యగారింట్లో రెండే పనులు అనుకున్నారు. ఒకటి, ఆయన భార్య వర్ధనమ్మగారు ఆవకాయ కలపడం. రెండు, అల్లుడి చేత సముద్రం ఉద్యోగం మాన్పించడం. మొదటిదానికి మామిడికాయ ముక్కలు వంటింట్లో, రెండోదానికి చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తా పనికి దరఖాస్తు వీధి వసారాలో సిద్ధంగా ఉన్నాయి. దరఖాస్తు మీద అల్లుడి సంతకం ఒక్కటే తక్కువ. పదకొండింటికి ఫ్యాక్టరీ సూపరింటెండెంటు మన్మథరావుగారు స్వయంగా వచ్చి దాన్ని పట్టుకెళతారు.

అల్లుడు అప్పలనరసింహం సముద్రంలో చమురు బావులు తవ్వే ఓడ మీద సేఫ్టీ విభాగంలో పనిచేస్తాడు. నెల రోజులు ఓడ మీద, నెల రోజులు ఇంట్లో. ఆ పనంటే అతనికి ప్రాణం. కానీ పోయిన వారం ఎక్కడో పరాయి దేశంలో అలాంటి ఓడే మునిగిందని రేడియోలో విన్నప్పటినుంచి అతని భార్య కనకమహాలక్ష్మి సరిగ్గా అన్నం తినడం లేదు. కూతురు తినకపోతే తండ్రికి ముద్ద దిగదు. రిటైరైన హెడ్మాస్టరు కదా, ఏ కష్టానికైనా ఆయనకు తెలిసిన మందు దరఖాస్తే.

"మావయ్యగారూ, మా ఓడ మీద అడుగడుగునా జాగ్రత్తేనండీ," అన్నాడు అప్పలనరసింహం.

"ఏటండీ ఆ జాగ్రత్త? మెడలో ఈల ఏసుకోవడమేనా?"

"పదకొండు దాకా టైమివ్వండి. ఓడని ఎలా చూసుకుంటామో ఈ ఇంట్లోనే చూపిస్తాను. ఈలోగా ఎవరి ఒంటిమీదైనా చిన్న గీత పడితే సంతకం పెట్టేస్తాను. పడకపోతే సోమవారం ఓడెక్కుతాను."

సుందరరామయ్యగారు గోడగడియారం చూశారు. పదయింది. కత్తిపీటలున్న ఇంట్లో గంటసేపు గీత పడకుండా ఉంటుందా అని మనసులో నవ్వుకుని సరేనన్నారు.

అప్పలనరసింహం తనిఖీ మొదలెట్టాడు. ముక్కలు కొట్టిన కత్తిపీటని గోనెసంచిలో చుట్టి అటకెక్కించాడు. అక్కణ్ణుంచి వసారాలోకి వస్తే, అరుగంచున మూత కోసిన పదిహేను కిలోల పప్పునూనె డబ్బా కనపడింది. దానికి బారెడు దూరంలో పాలు కాగుతున్న కుంపటి ఉంది. ఓడ మీద కట్టకుండా వదిలేసిన వస్తువు ఒక్కటి ఉండకూడదు. వెంటనే కొబ్బరితాడు తెచ్చి డబ్బాని వసారా స్తంభానికి బిగించి కట్టాడు.

"ఓడంటే ఊగుతుంది. ఇల్లు ఊగదు కదండీ!" అంది కనకమహాలక్ష్మి.

"ఊగదని నమ్మడమే మొదటి తప్పు," అని అతను పెరట్లో నూతిని తనిఖీ చెయ్యడానికి వెళ్లిపోయాడు.

ఇల్లు ఊగలేదు, నిజమే. మామిడి ముక్కల బేసిను ఎత్తుకుని వర్ధనమ్మగారు వసారాలోకి వచ్చారు. పాదం నుంచి జానెడెత్తులో తాడుందని ఆవిడకెవరు చెప్పారు? కాలు తగిలింది. ఆవిడ స్తంభాన్ని కావలించుకుని నిలదొక్కుకున్నారు గానీ, డబ్బా నిలదొక్కుకోలేదు. నూనె గుమ్మరించినట్టు అరుగంతా పారింది.

"ఓరి నాయనో! ఏడాది ఆవకాయ!" అన్నారావిడ.

ఆ కేకకి అప్పలనరసింహం ఒక్క అంగలో వచ్చిపడ్డాడు. మొట్టమొదట కుంపటి మీద చెంబుడు నీళ్లు గుమ్మరించాడు. తరవాత డబ్బాని నిలబెట్టాడు. అడుగున తవ్వెడు మిగిలింది. నూనె మెట్లు దిగి వీధిగుమ్మం వైపు బయల్దేరింది.

"దడి! దడి కట్టాలి!" అని లోపలికి పరిగెత్తాడు. సముద్రంలో చమురు ఒలికితే నీటిమీద తేలే పొడుగాటి గొట్టాలతో చుట్టూ దడి కట్టి ఆపుతారు. ఆ ఇంట్లో పొడుగ్గా, గుండ్రంగా ఉన్నది మావగారి బాలీసు ఒక్కటే. దాన్ని గుమ్మానికి అడ్డంగా పరిచాడు. చాలకపోతే పక్కనే పరుపు చుట్టి పడేశాడు.

"అది నా పరుపండీ!" అన్నారు సుందరరామయ్యగారు.

"ఇప్పుడది పరుపు కాదు మావయ్యగారూ, దడి!"

ఇక నూనెని పీల్చాలి. పక్కింటి దేవుడమ్మ గేదెకి పెట్టే తవుడు గుర్తొచ్చింది. "దేవుడమ్మా, తవుడు బస్తా బేగి ఇయ్యి!"

"ఏటయిందయ్యా? మీ ఇంట గేదె నేదు కదా!" అంటూనే ఆమె బస్తా అందించింది. అతను తవుడు గుప్పిళ్లతో తీసి నూనె మీద చల్లసాగాడు. కలిసిన తవుడు ఘుమఘుమలాడింది. దేవుడమ్మ గేదె ఆ వాసనకి పలుపు తెంపుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి ఆవురావురుమని తినసాగింది.

నూనెమీద గేదె జారితే ఎవరి మీద పడుతుందో! అప్పలనరసింహం ఎక్కడివాళ్లక్కడే ఆగమని గుండెనిండా గాలి తీసుకుని ఈల ఊదాడు. ఆ ఈలకి ఇంట్లో ఎవ్వరూ ఆగలేదు. వీధిలో కోటవురట్ల బస్సు ఆగింది.

"ఈల ఊదింది నేను కాదురా బాబూ!" అని కండక్టరు డ్రైవరుతో మొత్తుకుంటున్నాడు. బస్సెలాగూ ఇంటిముందే ఆగింది కదా అని మన్మథరావుగారు మల్లెపువ్వులాంటి పంచె సర్దుకుంటూ దిగారు. గేదెని తప్పించుకుని పక్కనుంచి గుమ్మంలో కాలుపెట్టారు. బాలీసు కిందనుంచి అక్కడికి కారిన నూనె మీద తవుడింకా పడలేదు. సర్రున జారి, గుమ్మంలో కూలబడి, అదే ఊపున బాలీసుని గుద్దుకుని ఆగారు. దాని వెనకే వర్ధనమ్మగారు ఆవకాయ కోసం ఎండకి పెట్టిన కారం, ఆవపిండి పళ్లెం ఆయన ఒళ్లో బోర్లాపడింది.

"అయ్యబాబోయ్, నెత్తురు!" అని దేవుడమ్మ అరిచింది. బస్సులోవాళ్లంతా దిగిపోయారు.

అప్పలనరసింహం ఆయన చేతులు, మోకాళ్లు, మోచేతులు వరసగా తడిమి చూసి, "గీత పడలేదు! ఒక్క గీత కూడా పడలేదు!" అని ప్రకటించాడు. గడియారం పదకొండు కొట్టింది.

మన్మథరావుగారు తుమ్ముల మధ్య అడిగారు. "మాస్టారూ, మా ఫ్యాక్టరీకి పంపుతానన్న అల్లుడుగారు... ఈయనేనా?"

"ఈయనేనండీ."

"మా దగ్గర బెల్లపుమడ్డి ట్యాంకులు ఆరున్నాయండీ," అని, ఇంకేమీ చెప్పకుండా ఆయన అదే బస్సెక్కేశారు. కండక్టరు రెండు ఈలలు ఊదాడు.

సుందరరామయ్యగారు దరఖాస్తు కోసం వెతికారు. అది ఎప్పుడు ఎగిరి గుమ్మంలో పడిందో, గేదె నములుతోంది.

"ఏవండీ, అబ్బాయిని సముద్రానికి పంపించేయండి," అన్నారు వర్ధనమ్మగారు. "అది పెద్దది, తట్టుకుంటాది. మనిల్లు చిన్నది."

కనకమహాలక్ష్మి మాత్రం ఆరిన కుంపటి కేసే చూస్తోంది. "నాన్నా, అందరం నూనె కోసం ఏడిస్తే ఈయన ముందు నిప్పార్పేరు. నేను చూశాను," అంది. మొగుడి వైపు తిరిగింది. "నాకింక భయం లేదు. ఆ ఓడలో మిగతావాళ్ల గురించే కాస్త బెంగ." ఆ మధ్యాహ్నం రెండుసార్లు అన్నం కలుపుకుంది.

వర్ధనమ్మగారి కోపం చల్లారడానికి సాయంత్రమయింది. "తాడు కట్టినవారు, కట్టేనని ఒక్కమాట సెప్పొద్దా బాబూ?" అన్నారు. అప్పలనరసింహం సిగ్గుపడి, నోటుపుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాడు.

సోమవారం ఓడెక్కాడు. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఇకమీదట తమ ఓడ మీద ఎవరు ఏ తాడు కట్టినా, ఏ మూత తీసినా ఆ దారిన నడిచే ప్రతివాళ్లకీ ముందుగా చెప్పి తీరాలని కొత్త రూలు పెట్టారట. దాన్ని అందరూ వర్ధనమ్మ రూలంటున్నారట. ఆవిడ ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

ఆ ఏడాది ఆ ఇంట్లో భోజనానికి కూర్చున్న ప్రతివాళ్లకీ సుందరరామయ్యగారు ఆ ఉత్తరం చదివి వినిపించారు, విస్తట్లో ఆవకాయ ఎందుకు లేదో చెప్పడానికి.