పోతురాజు వేసిన ముడి

నా ముందుపన్ను ఎలా ఊడిందని మీరెవరూ అడగకండి. ఇప్పుడంటే నోట్లో మిగిలినవే నాలుగు గనుక ఎవరూ అడగడం లేదు గాని, ముప్పై అయిదేళ్ళు ఆ ఒక్క పన్ను గురించే చెప్పుకుంటూ బతికాను. పులి కథ ఒకటి, దొంగల కథ ఒకటి, గోదావరి వరదలో దూడను రక్షించిన కథ ఒకటి. వినేవాళ్ళు బాగా వింటుంటే ఆ దూడ ఎద్దయ్యేది కూడా.

అసలు కథ ఈ ఏడాదే బయటపడింది. బయటపెట్టింది మా అప్పాయమ్మ.

నేను పుట్టి పెరిగింది రాజమండ్రి. పెళ్ళయ్యాక కడియం పక్కన కాలవగట్టు మీదున్న ఈ ఊరికి ఇల్లరికం వచ్చాను. ఇల్లరికపు అల్లుడి సంగతి మీకు తెలిసిందే. ఇల్లు ఆవిడది, పొలం ఆవిడది, అరుగు నాది. వాన జల్లు కొడితే అదీ నాది కాదు.

రాజమండ్రి హైస్కూల్లో మేం నలుగురం ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళం. నేను, ఇప్పుడు భీమవరం దగ్గర భూములు చూసుకుంటున్న వెంకటరాజు, నరసాపురంలో బడిపంతులైన లాజరు, రేవులో పడవ నడిపే రాముడి కొడుకు పోతురాజు. నలుగురం నాలుగు దిక్కులయ్యాక లాజరు ఒక ఉపాయం చేశాడు. ఒక అట్ట పుస్తకం కుట్టి, అందులో రాజమండ్రి జ్ఞాపకం ఒకటి రాసి, టపాలో వెంకటరాజుకు పంపాడు. వెంకటరాజు ఇంకోటి రాసి పోతురాజుకు, పోతురాజు నాకు, నేను మళ్ళీ లాజరుకు. మొదటి పేజీలోనే లాజరు పెట్టిన కట్టుబాటు ఉంది: "ఈ పుస్తకం ఎవరింటా రెండు అమావాస్యలు చూడరాదు."

అలా పన్నెండేళ్ళుగా తిరుగుతోంది. ఇది మూడో పుస్తకం. లెక్కల పంతులుగారి తలపాగాలో పిచ్చుక గూడు పెట్టిన సంగతి లాజరు రాస్తాడు. కొత్త రైలు వంతెన మీద కూర్చుని దాటితే గోదావరి గోదావరిలా లేదని వెంకటరాజు రాస్తాడు. నేను నా పన్ను గురించి రాస్తాను.

మొన్న ఆషాఢంలో వచ్చిన పుస్తకంలో పోతురాజు ఇలా రాశాడు.

"మా నాన్న పోయిన వైశాఖంలో కాలం చేశాడు. చివరి రోజున గొంతులో నీళ్ళు పోస్తుంటే కళ్ళు తెరిచి, పడవ కట్టారా అన్నాడు. కట్టాను నాన్నా అన్నాను. నువ్వా, అయితే ఓసారి తమ్ముణ్ణి చూడమను అన్నాడు. అదే ఆఖరి మాట. ఒరే, ఇనస్పెక్టరు దొర పరీక్షకొచ్చిన రోజు మా పడవ కొట్టుకుపోయింది గుర్తుందా? ఆ ముడి వేసింది నేనే. మూడు చుట్లు తిప్పి బిగించినట్టే గుర్తు. ఆ రోజు రేవులో మీకెవరికైనా ఏదైనా కనబడితే చెప్పండి. తప్పు నా చేతిదే అయితే అదీ చెప్పండి."

కనబడడమేమిటి, విప్పింది నేనే!

దొర కొవ్వూరులో దిగాడు. రాముడి పడవ సాయంత్రం వెళ్ళి ఆయన్ని తీసుకురావాలి. నాకు భూగోళం ఒక్క ముక్క రాదు. పడవ లేకపోతే దొర లేడు, దొర లేకపోతే పరీక్ష లేదు అనుకున్నాను. రేవంతా భోంచేసి కునుకు తీస్తున్న వేళ వెళ్ళి ముడి పట్టుకున్నాను. అది వేళ్ళకు లొంగలేదు. పళ్ళతో లాగాను. గంటసేపు లాగితే ముడీ ఊడింది, పన్నూ ఊడింది.

పడవ ధవళేశ్వరం దాకా కొట్టుకుపోయి ఆనకట్ట రాళ్ళ మీద బద్దలైంది. దొర ఇంకో పడవలో వచ్చాడు. భూగోళంలో నాకు మూడు మార్కులొచ్చాయి.

పడవవాడి కొడుక్కి ముడి రాదని రేవంతా నవ్వింది. రాముడు మళ్ళీ కొడుకు చేతికి తాడు ఇవ్వలేదు. పోతురాజు చదువు మానేసి, ఉప్పాడలో మేనమామ ఎండుచేపల కొట్లో చేరాడు. సముద్రాన్ని గుమ్మంలో పెట్టుకుని కూడా తాడు ముట్టుకోడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ పులి కథలు చెప్పుకున్నాను.

నిజం రాసేద్దామని కలం పట్టాను. సిరా ఎండిపోయింది. నీళ్ళు పోశాను, మళ్ళీ ఎండింది. ఇలా లాభం లేదని పుస్తకాన్ని ఎర్రగుడ్డలో మూటకట్టి అటక మీద పెట్టాను. రెండో అమావాస్య దగ్గర పడేసరికి ఒక ఉపాయం తట్టింది. టపా కచేరీ కాలవ అవతల ఉంది. దాటేటప్పుడు నలుగురి కళ్ళెదుటా మూట నీళ్ళలో జారిపోతే నేనేం చేస్తాను?

మూట చంకలో పెట్టుకుని బయల్దేరుతుంటే అప్పాయమ్మ అడ్డొచ్చింది.

"ఎక్కడికండీ?"

"టపాకి. లాజరుకి పుస్తకం పంపాలి."

"కాలవ నిండుగా ఉంది. తడిసిపోతుందేమో, జాగ్రత్త."

"తడిస్తే మనమేం చేస్తామే? అంతా దైవాధీనం."

"మీరు దేవుడి మీద పెట్టారంటే ఏదో చెయ్యబోతున్నారన్నమాట," అని లోపలికి వెళ్ళిపోయింది.

మా చిన్న పడవ నడికాలవకు చేరగానే లేచి నిలబడి మూట వదిలేశాను. "అయ్యో, నా పుస్తకం! నా ప్రాణం!" అని అరిచాను. అరుపు నేననుకున్న దానికంటే బాగా వచ్చింది. అదే కొంప ముంచింది.

లాకు తలుపులు తీసే లస్కరు ఆశీర్వాదం తలపాగాతో సహా దూకాడు. గడ్డిపడవ వాడు గెడ వదిలేసి దూకాడు. ఆ గడ్డిపడవ దిక్కులేక వెళ్ళి కుండల పడవను గుద్దుకుంది. కుండలు చూడబోయి వీరవేణి ఉతుకుతున్న చీరలు వదిలేసింది. ఈ సందడికి నా పడవ ఒరిగి నేనూ పడ్డాను. గోదావరి ఈదానని మూడు పుస్తకాల్లో రాసుకున్నవాణ్ణి కాలవ నీళ్ళలో రెండు గుక్కలు తాగాను.

ఆశీర్వాదం మూట పట్టుకుని గట్టెక్కాడు. జనమంతా చుట్టూ మూగారు. ఎంతో భక్తిగా విప్పాడు.

"సత్తియ్యగారండీ, ఇది పుస్తకం కాదండీ. పిడకలండీ!"

వీరవేణి తడి చీరల మధ్య నుంచి తొంగి చూసింది. "పిడకల కోసం అంతలా ఏడ్చేరేంటండీ! మా ఇంటి గోడ నిండా ఉన్నాయి, పంపిస్తాను లెండి."

నీళ్ళోడుతూ ఇంటికి వచ్చేసరికి అప్పాయమ్మ నా అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది.

"పుస్తకం ఏదే?"

"టపాలో వెళ్ళి పన్నెండు రోజులైందండీ. మీరు పైకెక్కి మూట చూస్తారేమోనని బరువు సరిపోయేలా పిడకలు పెట్టాను. మీరా మూట వంకే చూడలేదు."

"నువ్వు పంపావా? నీకు చదువు రాదుగా!"

"మీరు ఇల్లరికం వచ్చినప్పుడు రాదు. అమ్మాయి చేత వీధిబడి పంతులు ఓనమాలు దిద్దిస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాను. పద్దెనిమిదేళ్ళయింది. మీరు అడగలేదు, నేను చెప్పలేదు."

"అయితే ఆ పుస్తకాలన్నీ..."

"మూడూ చదివాను. వాటిల్లో మీ పన్ను తొమ్మిదిసార్లు ఊడింది. ఓసారి పులి, ఓసారి దొంగలు. ఇనస్పెక్టరు దొరొచ్చిన రోజు మాత్రం మారలేదు. పోతురాజు అన్నయ్యగారి పడవ పోయింది కూడా ఆ రోజే కదండీ?"

నేను తడి పంచె పిండుకుంటూ నిలబడ్డాను. పిండడానికి ఇంక నీళ్ళు లేవు, అయినా పిండాను.

"ఎవరికి పంపావు? లాజరుకేనా?"

"వరస తప్పించి పోతురాజు అన్నయ్యగారికే పంపాను. మా వారికి ఒక మాట తెలుసు, రాయలేకపోతున్నారు, మీరొస్తే నోటితో చెప్తారు అని రాశాను. చెప్తారు కదండీ?"

"చెప్పకపోతే?"

"నేను చెప్తాను. అప్పుడు ఆయనకి స్నేహితుడు పోతాడు. నాకు మొగుడు మిగుల్తాడు. ఏపాటి మొగుడో మీరే ఆలోచించుకోండి."

నాలుగో రోజున కాకినాడ పడవలో పోతురాజు దిగాడు. తల ముగ్గుబుట్టయింది. చేతిలో ఓ సంచీ ఉంది. అరుగు మీద కూర్చున్నాక నేను మూడుసార్లు గొంతు సవరించుకుని, మూడుసార్లూ వానల గురించి మాట్లాడాను.

పోతురాజు సంచీ నా ఒళ్ళో పెట్టాడు. "ఎండు మెత్తళ్ళురా. నీకు పళ్ళు లేవని చిన్న చేపలు చూసి ఏరి తెచ్చాను."

దాంతో ఇంక దాచడం నా వల్ల కాలేదు.

"ఒరే, ఆ ముడి నేనే విప్పాను," అన్నాను. మిగతాది కూడా అంతా చెప్పాను. దొర గురించీ భూగోళం గురించీ చెప్పాను. పులీ దొంగలూ ఎక్కడా రాలేదు.

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎంతసేపు పట్టింది?" అన్నాడు.

"ఏది?"

"విప్పడానికి."

"గంట. వేళ్ళతో రాలేదు. పళ్ళతో లాగాను. పన్ను ఊడింది."

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. మూడోసారికి అతని కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఈ మాట మా నాన్నకి చెప్పలేకపోయావేంట్రా? రాజమండ్రి నీకెంత దూరం? ముప్పై అయిదేళ్ళలో ఒక్క పూట తీరిక దొరకలేదా?"

ఎంత వెతికినా నా దగ్గర దానికి కథ లేకపోయింది. చేతులు పట్టుకోబోయాను. మెల్లిగా వదిలించుకున్నాడు.

అప్పాయమ్మ వడ్డిస్తే తిన్నాడు. ఆవిడతోనే మాట్లాడాడు. సాయంత్రం పడవకు వెళ్ళేటప్పుడు పుస్తకం అరుగు మీద పెట్టి, "నువ్వే రాయి. వరస ప్రకారం లాజరుకే పంపు," అన్నాడు. తర్వాత రేవులోకి దిగి మా చిన్న పడవ తాడు అందుకున్నాడు. గుంజకు మూడు చుట్లు తిప్పాడు. వేళ్ళు దారి మరిచిపోలేదు. బిగించి, ఓసారి లాగి చూసుకుని, కాకినాడ పడవెక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు పొలానికి వెళ్దామని నేను ఆ ముడి పట్టుకున్నాను. రాలేదు.

"ఏంటండీ, అప్పుడు విప్పారుగా?" అంది గట్టు మీద నుంచి అప్పాయమ్మ.

"అప్పుడు పళ్ళున్నాయే."

ఆశీర్వాదం కత్తి తెచ్చి, "కోసెయ్యమంటారాండీ?" అన్నాడు. వద్దన్నాను. అప్పటి నుంచి లాకు దాకా నడిచి, చుట్టూ తిరిగి పొలానికి వెళ్తున్నాను. ఊళ్ళో వాళ్ళు నవ్వుతున్నారు, నవ్వనివ్వండి. అప్పాయమ్మ రోజూ ఓసారి రేవులోకి వెళ్ళి ముడి అలాగే ఉందని చూసి వస్తుంది.

పుస్తకంలో జరిగింది జరిగినట్టు రాసి పంపాను. లాజరు రాశాడు, వెంకటరాజు రాశాడు. ఇప్పుడది పోతురాజు దగ్గర ఉంది. మొన్నటితో మూడో అమావాస్య కూడా దాటింది. ఒక ఉత్తరం ముక్క రాసి తొందర చేద్దామా అని నిన్న అప్పాయమ్మను అడిగాను.

"ఆయన ముప్పై అయిదేళ్ళు ఆగారు. మీరు మూడు అమావాస్యలు ఆగలేరా?" అంది.

ఆగుతున్నాను.